పాత పూల డిజైన్‌కి కొత్త రంగులు వేస్తే అంతా కలిసిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అమ్మమ్మ దాచిన పాత దుప్పటి మీది పూలతీగను ట్రేస్ చేసి కుషన్ కవర్ల మీద ప్రింట్ వేద్దామనుకుంటున్నాను. వెలిసిన ఎరుపు, గోధుమ రంగులు తీసేసి గులాబీ, ఊదా, నీలం, ఆకుపచ్చ అన్నీ ముదురుగానే పెట్టాను. విడివిడిగా బాగున్నాయి కానీ కలిపి చూస్తే తీగ ఎటు పోతుందో, పువ్వు ఎక్కడుందో కూడా తెలియట్లేదు. ఇంకొకటి, పాత గుడ్డలో ఆకులు నీలంగా ఉన్నాయి. అలాగే ఉంచాలా?

జవాబు: ముందు దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో ఒకసారి చూడండి. అంతా ఒకే బూడిద ముద్దలా ఉంటే లోపం అక్కడే ఉందన్నమాట. పాత డిజైన్‌లో ఏది లేత, ఏది ముదురు, ఏది మధ్యరకం అని ఒక వరుస ఉంటుంది, దాన్ని మాత్రం చెడగొట్టకండి, ఆ వరుస నిలబడితే ఎరుపు బదులు ఊదా పెట్టినా, ఇంకేం పెట్టినా పువ్వు పువ్వులాగే కనిపిస్తుంది. నేనైతే పూల జోలికి పోకుండా మొదట నేల రంగు, అంటే పూల వెనకుండే బ్యాక్‌గ్రౌండ్ రంగు, ఒక్కటే మార్చి చూస్తాను. మీగడ రంగు నేల తీసి ముదురు ఆకుపచ్చ వేస్తే చాలు, అదే డిజైన్ కొత్తగా కనిపిస్తుంది.

మరో జవాబు: ఆకుల సంగతి చెప్తాను, నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. సహజ రంగుల అద్దకంలో ఆకుపచ్చ కావాలంటే నీలిమందు నీలం మీద పసుపు రంగు వేసేవారు. ఆ పసుపు ఎండకీ ఉతుకులకీ తొందరగా పోతుంది, నీలం మిగులుతుంది. మీది అలాంటి గుడ్డే అయితే ఆ ఆకులు ఒకప్పుడు ఆకుపచ్చవే. అయినా నీలమే ఉంచమంటాను, ఎంత అందంగా ఉంటుందో!

అడిగినవారు: థాంక్స్ అండీ. నల్ల అవుట్‌లైన్ కూడా ఎందుకో వెలిసినట్టుంది, అచ్చమైన నలుపే పెట్టాను.

జవాబు: నలుపు తప్పేం లేదండీ, పక్కనున్న నీలం, ఊదా వల్ల అలా అనిపిస్తుంది. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కార్ఖానాలో కూడా నల్ల రంగు సరిగా లేదని ఇలాగే ఫిర్యాదులొచ్చాయి. అక్కడ అద్దకం చూసుకునే షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి, లోపం రంగులో లేదని, పక్క రంగుల ప్రభావమని తేల్చి 1839లో దాని మీద పెద్ద పుస్తకమే వేశారు. మీరు రేకుల రంగు కాస్త లేత చేయండి, లేదంటే గీతకీ రేకుకీ మధ్య నేల రంగు సన్నగా వదలండి.

అడిగినవారు: రేకులు లేత చేసి, నేల ముదురు ఆకుపచ్చకి మార్చాను, తీగ స్పష్టంగా తెలుస్తోంది. ఆకులు నీలంగానే ఉంచేస్తున్నాను. ముందు చిన్న గుడ్డ ముక్క మీద ప్రింట్ తీసి, పగటి వెలుగులో ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూస్తాను.