“బొంకవచ్చు నఘము...” తర్వాత “పొందఁడా”, “పొందదా”?

(చెన్నై పేటల పేర్లు, అచ్చాఫీసు: మాట్లాడేవాళ్ల గుర్తులు.)

పెరంబూరు: పోతన భాగవతం వామన చరిత్రలో, గురువు శుక్రుడు బలికి చెప్పే పద్యం చివరి పాదం దగ్గర ఆగిపోయాను. “వారిజాక్షులందు వైవాహికములందు / ప్రాణవిత్తమానభంగమందు / చకిత గోకులాగ్రజన్మ రక్షణమందు / బొంకవచ్చు నఘము...” ఆపైన “పొందఁ డధిప”నా, “పొంద దధిప”నా? ఎన్నికల ప్రచారంలో అబద్ధం మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ పద్యం చదివి, శాస్త్రమే ఒప్పుకుందంటున్నారు. ముందు ఆ అక్షరం తేల్చండి.

మాంబళం: పొందదు. అఘం కర్త, పాపం అంటదని అర్థం. “బొంకవచ్చు”లో కనపడని మనిషి పక్క మాటలోకి ఎక్కణ్ణుంచి ఊడిపడతాడు?

తిరువల్లిక్కేణి: ఊడిపడనక్కర్లేదు, అధ్యాహారం ఉంది, అంటే పైకి లేని మాటను అర్థంలో చేర్చుకోవడం. బొంకినవాడు అఘము పొందఁడు. అఘం జడం, ప్రాణం లేనిది, కాబట్టి ద్వితీయకు ప్రథమ వచ్చింది, వ్యాకరణంలో చిన్నయ సూరి ఒప్పుకున్న పద్ధతే. రెండు పాఠాలూ చలామణిలో ఉన్నాయి. ఛందస్సు సాయపడదు. ఆటవెలది నాలుగో పాదం, ఐదూ సూర్యగణాలే. “డధిప” అన్నా “దధిప” అన్నా నగణమే. యతి బొం-పొంల మధ్య, దానికీ ఈ అక్షరంతో పని లేదు. గంటం కాస్త తిరిగితే ద డ అవుతుంది.

సైదాపేట: అయితే మూలానికి వెళ్దాం. సంస్కృత భాగవతం అష్టమ స్కంధం 19వ అధ్యాయం: “స్త్రీషు నర్మవివాహే చ వృత్త్యర్థే ప్రాణసంకటే / గోబ్రాహ్మణార్థే హింసాయాం నానృతం స్యాజ్జుగుప్సితమ్”. కర్త అనృతం, మనిషి కాదు. “పొందదు”కే మొగ్గు. ఇంకో సంగతి: ఇక్కడ పాపం ఊసే లేదు, ఏవగించుకోదగింది కాదన్నారు, అంతే. “అఘము” పోతన గారు చేర్చారు. నన్నయ గారిది సరిగ్గా ఎదురు దారి. మహాభారతంలో శర్మిష్ఠ యయాతితో చెప్పే శ్లోకంలో “అపాతకాని” (పాపాలు కావు) అని స్పష్టంగా ఉంటే, ఆయన “చను బొంకగ” అని ఊరుకున్నారు, పాతకం మాట వదిలేశారు.

అచ్చాఫీసు: ప్రచారం సంగతి అడిగారు గనక “వృత్త్యర్థే” దగ్గర ఆగాలి. బతుకుతెరువు కోసం బొంకవచ్చంటే రాజకీయమే బతుకుతెరువైన ప్రతివాడికీ తలుపు తెరిచినట్టే. పోతన గారు దాన్ని “విత్తభంగం” చేసి తలుపు సగం మూశారు. చేతిలో ఉన్నదానికే భంగం కలుగుతుంది. ఇంకా రాని సీటు కోసం బొంకడం ఈ పద్యంలో ఎక్కడా పట్టదు.

మాంబళం: ఉన్న సీటు పోయేవాడి మాటేమిటి?

అచ్చాఫీసు: సీటు అతని విత్తం కాదు కదండీ, ఐదేళ్లకు అప్పగించిన పని. ఇక చట్టం మీ “పొందదు” వైపు లేదు, కర్తనే వెతుకుతుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) కింద అవినీతి చర్య రుజువు కావాలంటే అన్నీ కుదరాలి: చెప్పింది అభ్యర్థో, ఏజెంటో, వాళ్ల సమ్మతితో మరొకరో అయ్యుండాలి, అది అభిప్రాయం కాక వాస్తవంగా చెప్పిన మాట అవ్వాలి, ఎదుటి అభ్యర్థి వ్యక్తిగత శీలం మీదో, నడవడి మీదో, పోటీ చేయడం గురించో, విరమించుకోవడం గురించో అయ్యుండాలి, అబద్ధమని తెలిసో, నిజమని నమ్మకుండానో అన్నదవ్వాలి, అతని గెలుపు అవకాశాలను దెబ్బతీసేదిగా ఉండాలి. ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేయాలి. ఎక్కువగా “సమ్మతి” దగ్గరే కేసు జారిపోతుంది. కరపత్రం మీద ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామాలు ఉండాలని 127ఎ చెబుతోంది. అవి లేని కాగితం ఎవరిదో తేలదు, బొంకు మిగులుతుంది, బొంకినవాడు మిగలడు.

పెరంబూరు: మరి మేనిఫెస్టో?

అచ్చాఫీసు: అది 123 కిందికి రాదు. 2006లో ఇక్కడ, తమిళనాడులో, కలర్ టీవీల హామీ మీద మొదలైన వివాదంలో సుప్రీం కోర్టు 2013 జులై 5న ఆ మాటే చెప్పి, మార్గదర్శకాలు రాయమని ఎన్నికల సంఘానికి వదిలింది. హామీ వెనక హేతువేమిటో, డబ్బు స్థూలంగా ఎలా వస్తుందో చెప్పాలని సంఘం ప్రవర్తనా నియమావళిలో చేర్చింది. పాటించకపోతే జైలు లేదు.

తిరువల్లిక్కేణి: ఇవన్నీ బొంకులు. అసలు హాని నిజాన్ని మెలిపెట్టే మాటలతో. బడ్జెట్ పుస్తకంలో ఒక్కో పద్దుకు మూడు రకాల అంకెలుంటాయి: అంచనా, సవరించిన అంచనా, లెక్కలు. లెక్కలు రెండేళ్ల వెనకటివి. మనం పెట్టిన “అంచనా”ను అవతలివాళ్లు ఖర్చు చేసిన “లెక్కల” పక్కన నిలబెడితే, ఒక్క అంకె కూడా అబద్ధం కాకుండానే రెట్టింపు చేసి చూపొచ్చు. “మంజూరు”ను “పూర్తి” అనిపించడమూ అలాంటిదే. దీనికి పద్యం శుక్రుడి దగ్గర దొరకదు, ద్రోణపర్వంలో చూడాలి. ధర్మరాజు “కుంజరః” అన్నాడు, వినపడకుండా అన్నాడు. అయినా నేలకు నాలుగంగుళాల పైన నడిచే రథం కిందికి దిగింది. చివరి మాట గొంతు తగ్గించినందుకే!

సైదాపేట: అసలు ఈ పద్యాన్ని బలి జవాబు లేకుండా చదవడమే మెలిక. అది కూడా ఆటవెలదే: “బ్రతుకవచ్చు గాక బహుబంధనములైన / వచ్చు గాక లేమి వచ్చు గాక / జీవధనములైన జెడు గాక పడు గాక / మాట దిరుగలేరు మానధనులు”. గురువు ప్రాణ, విత్త, మానాలు మూడూ ఒక్క సమాసంలో కట్టి ఇచ్చాడు. శిష్యుడు ఆ సమాసం విప్పాడు. ప్రాణం “జీవ”, విత్తం “ధన”, ఆ రెండూ పోతే పోనీ అన్నాడు. మూడోదాన్ని విడిగా తీసి చివర పెట్టుకున్నాడు. మాట తప్పడమే మానభంగమైనప్పుడు, మానభంగం కాకుండా బొంకడమనేది ఎలా కుదురుతుంది? ఎన్నికల్లో శుక్రుణ్ణి చదివేవాళ్లు బలిని కూడా చదివి తీరాలి.

మాంబళం: పోతన గారి గొప్ప ఒప్పుకుంటాను. కానీ బొంకు గురించి తెలుగులో చివరి మాట తిక్కన గారిది. “సారపు ధర్మమున్ విమల సత్యము బాపముచేత బొంకుచే / బారము బొందలేక...” చెడిపోతుంటే, దక్షులై ఉండి ఉపేక్షించినవాళ్లకే చేటు అన్నారు. బొంకినవాణ్ణి వదిలి చూస్తూ కూర్చున్నవాణ్ణి పట్టుకున్నారు. పైగా అక్కడ “పొందలేక”కు కర్తలు ధర్మం, సత్యం. అమహత్తు, అంటే మనిషి కానిది, “పొందు”కు కర్త కావడానికి ఇంతకన్నా ప్రయోగం కావాలా? పొందదు.

తిరువల్లిక్కేణి: ధర్మం పారాన్ని పొందుతుంది, సరే. అక్కడ కర్మ ఉంది కదా. మీ అన్వయంలో అఘం దేన్ని పొందదు? “వానిని” అని మీరూ అధ్యాహారం చేసుకోవాల్సిందే. కర్మ లేకుండా “పొందదు” అన్న ప్రయోగం పోతన గారిలోనే ఒకటి చూపండి, అప్పుడు మాట్లాడుకుందాం.