కొత్త హైబ్రిడ్ సైకిల్: ఏటిగట్టు మీద తొక్కి చూసే ముందు ఏం చెక్ చేయాలి?

గౌతమి_గట్టు:
పెట్టెలో వచ్చిన హైబ్రిడ్ (తారుకీ మట్టిదారికీ పనికొచ్చే సైకిల్) ఇంట్లోనే బిగించాను. 700×38సి టైర్లు, వెనక 8 గేర్లు, కేబుల్ డిస్క్ బ్రేకులు. నా బరువు 72 కిలోలు. రావులపాలెం దగ్గర గౌతమి ఏటిగట్టు మీద తొక్కి చూద్దామని. కొంత తారు, కొంత గ్రావెల్, మధ్యలో ఇసుక. టైరు మీద 85 పీఎస్ఐ (గాలి ఒత్తిడి) అని ఉంది, అంత గాలీ కొట్టాలా? వాపసు ఇవ్వాల్సిన లోపముంటే ఒక్క రైడ్‌లో తెలుస్తుందా?

పావుచుట్టు:
85 గరిష్ఠం అండి, అంత కొట్టమని కాదు. ముందు 45, వెనక 50తో మొదలెట్టండి. గ్రావెల్ మీద చేతులు అదిరితే ఇంకో 5 తగ్గించండి. గుంతలో రిమ్ము ఠక్‌మని తగిలిందంటే మరీ తగ్గించేసినట్టే, ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

అంతకన్నా ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ చట్రం) చూడండి. ఇంట్లో బిగించిన వాటిలో అది తిరగబడి ఉండటం మామూలే. సీటు మీద కూర్చుంటే ముందు క్యాలిపర్ (డిస్క్‌ని నొక్కే బ్రేకు భాగం) ఎడమ వైపు, ఫోర్కు కాలికి వెనక ఉండాలి. ఎడమ పెడల్ మర ఉల్టా. చేత్తో మూడు చుట్లు సాఫీగా ఎక్కకపోతే స్పానర్ పెట్టొద్దు, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మర పోతుంది. ముందు చక్రం మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే జారితే స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) బోల్టులు బిగించాకే బయల్దేరండి.

డిస్క్_దోస్త్:
కొత్త డిస్క్ బ్రేకులు సరిగా పట్టవు, అది లోపం కాదు. గట్టు ఎక్కకముందే ఖాళీ తారు రోడ్డు మీద 20 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి తెచ్చి వదలండి. ముందుదానికి 20 సార్లు, వెనకదానికి 20 సార్లు. చక్రం లాక్ అవకూడదు. రోటర్ (చక్రానికుండే బ్రేకు డిస్క్) చేత్తో ముట్టుకోవద్దు. చైన్‌కి స్ప్రే నూనె కొట్టేటప్పుడు బ్రేకు ప్యాడ్ మీద పడితే చాలాసార్లు ప్యాడ్లే మార్చాల్సి వస్తుంది.

వాపసు సంగతి: పెద్ద పళ్ళచక్రానికి చైన్ ఎక్కనని మొరాయిస్తే డిరేలర్ (చైన్‌ని గేరు మార్చే వెనక భాగం) దగ్గర కేబుల్ బిగువు సర్దే అడ్జస్టర్‌ని అపసవ్యంగా పావు చుట్టు తిప్పండి, కొత్త కేబుల్ సర్దుకునే దాకా ఇది మామూలే. ఒక గేరు కుదిరితే ఇంకోటి చెడుతుంటే మాత్రం హ్యాంగర్ (డిరేలర్‌ని ఫ్రేముకి తగిలించే ముక్క) వంగిందేమో చూడాలి. పెట్టెకి దెబ్బ తగిలితే ముందు వంగేది అదే. ఫొటో తీసి షాపుకి పంపండి. స్పోకులు మాత్రం ఒక్క రైడ్‌లో బయటపడవు, 100 కి.మీ. దాటాక బెండు తీయించాల్సిందే.

తుమ్మముల్లు:
గట్టు అంచు గడ్డిలోకి దింపకండి, పల్లేరు కాయలుంటాయి. గుచ్చుకున్నా గాలి నిలిచి ఉంటే ఇల్లు చేరేదాకా పీకొద్దు. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల గుడ్డతో తుడవండి, ముల్లు మిగిలితే కొత్త ట్యూబూ పోతుంది. ఒక ట్యూబు, రెండు టైరు లీవర్లు, పంపు, 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు చాలు. సన్న వాల్వైతే అడాప్టర్ కూడా, లేకపోతే ఊళ్ళో పంచరు షాపు పంపు పట్టదు.

ఇసుకలో ముందు బ్రేకు వద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. తేలిక గేరులో ఆగకుండా తొక్కుతూ దాటేయండి. గట్టు మీద గాలికి అడ్డుండదు కాబట్టి ఎదురుగాలికి 5 కి.మీ. వెళ్ళి తిరిగి రండి.

గౌతమి_గట్టు:
ఫోర్కు సరిగ్గానే ఉంది. పెడల్ చుట్టుకోసారి టిక్‌మంటోంది, పెడలా, క్రాంకా?

పావుచుట్టు:
సీటు మీంచి లేచి తొక్కండి. శబ్దం ఆగితే సీటు క్లాంపు. ఆగకపోతే పెడళ్ళు విప్పి మరకి గ్రీజు రాసి బిగించండి. అయినా ఉంటే క్రాంక్ బోల్టు. అది వదులుగా ఉంటే బిగించేదాకా తొక్కొద్దు, క్రాంక్ రంధ్రం అరిగిపోతుంది.