ప్రాణరక్షణ కిట్ ఎంత తేలికగా ఉండాలి? అసలది జేబులో ఉండాలా, సంచిలో ఉండాలా?

కొండగాలి

ఒకరోజు కొండనడకలకూ, చట్టం అనుమతించిన చోట స్నేహితులతో కలిసి వెళ్లే వేటకూ నేను తీసుకెళ్లే ప్రాణరక్షణ కిట్‌ను నిన్న తూకం వేస్తే 1,150 గ్రాములు వచ్చింది. అందులో కత్తి, లైటర్, చకుముకి కడ్డీ, ఈల, దిక్సూచి, హెడ్‌ల్యాంప్, రేకు దుప్పటి, నీటిశుద్ధి మాత్రలు, 15 మీటర్ల తాడు, చేపల గాలాలు, ఉచ్చు తీగ, మడత రంపం, గాయాలకు కట్టు సామగ్రి ఉన్నాయి. నాతో నడిచే మిత్రుడు మాత్రం అరచేతిలో పట్టే రేకు డబ్బా ఒక్కటే చాలునంటాడు. దాని బరువు 180 గ్రాములు. బరువైన కిట్‌ను ఏదో ఒక రోజు ఇంట్లో వదిలేసి బయలుదేరతామనీ, అక్కర పడేది సరిగ్గా ఆ రోజేననీ అతని వాదన. గత రెండు నడకలకు నేను కిట్ లేకుండానే వెళ్లాను కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేను. అయినా ఆ డబ్బాను చూస్తే ధైర్యం చాలడం లేదు. దేన్ని తీసేయవచ్చో, ఎంత బరువున్నా దేన్ని తీయకూడదో కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తేలికమూట

నాది మీ మిత్రుడి పక్షమే. బరువు వల్ల అలసట వస్తుంది, అలసట వల్ల అడుగు తడబడుతుంది, కొండదారిలో చాలా ప్రమాదాలు అలా తడబడిన అడుగుతోనే మొదలవుతాయి. నా డబ్బాలో చిన్న లైటర్, పెట్రోలియం జెల్లీ పట్టించిన దూది ఉండలు, ఈల, బొత్తాం పరిమాణంలో ఉండే దిక్సూచి, నీటి మాత్రలు, గాలాలు, దారం, ఉచ్చు తీగ, ఒక బ్లేడు ఉంటాయి. మిగిలినదంతా అడవే ఇస్తుంది. కొమ్మలతో పందిరి వేయడం, ఎండుటాకులతో పరుపు పరచడం వచ్చినవాడికి టార్పాలిన్ మోయవలసిన పని లేదు. నేర్చుకున్న విద్యకు బరువు లేదు గనుక సామాను కొనడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా సాధన మీద పెట్టాలని నా అభిప్రాయం.

పొదలమాటు

తేలికమూట గారూ, మీరు విద్య గురించి చెప్పినది నిజమే గానీ, ఆ విద్య చేతుల్లో ఉంటుందనీ, చేతులు వణుకుతున్నప్పుడు అది పనిచేయదనీ నేను ఒక రాత్రి అనుభవించి తెలుసుకున్నాను.

గాయపడిన జంతువు నెత్తుటి జాడ పట్టి వెళుతున్నాను. జాడ పొదల్లోకి తిరిగింది. చప్పుడు కాకూడదని వీపు సంచిని ఒక చెట్టు మొదట్లో దించి, పది నిమిషాల్లో తిరిగి రావచ్చుననుకుని ముందుకు సాగాను. పొద్దు గుంకింది, వాన మొదలైంది, తిరిగి వచ్చేసరికి ఆ చెట్టేదో గుర్తుపట్టలేకపోయాను. జేబులో లైటరూ నడుముకు కత్తీ తప్ప నా దగ్గర మరేమీ లేవు. ఆ రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి కూడా కాదు, కేవలం వానా గాలీ. అయినా అర్ధరాత్రికల్లా వేళ్లు ఎంతగా కొంకర్లు పోయాయంటే లైటర్ చక్రాన్ని తిప్పడానికి రెండు చేతులూ వాడవలసి వచ్చింది. మంట వెలిగింది, తడి పుల్ల అంటుకోలేదు. తెల్లవారి వెతికితే సంచి దాదాపు 400 మీటర్ల దూరంలో, లోపల పొడి కోటుతో సహా, నేను దించిన చోటే ఉంది.

అందుకే కిట్ ఎన్ని గ్రాములన్న ప్రశ్న కన్నా, సంచి లేని క్షణంలో ఒంటి మీద ఏముంటుందన్న ప్రశ్నే నాకు ముఖ్యం. నడిచేవాడు సంచిని దించేది విశ్రాంతి కోసమే. వేటగాడు మాత్రం పొంచి పాకేటప్పుడు, మంచె ఎక్కేటప్పుడు, జాడ వెంట పరుగెత్తేటప్పుడు రోజుకు నాలుగైదు సార్లు దించుతాడు. ఇద్దరికీ ఒకే జాబితా చెప్పడంలోనే పొరపాటు ఉంది.

ఇక డబ్బా సంగతి. గాలాలూ ఉచ్చు తీగా ఉన్న ఇలాంటి పెట్టెలు, విమానం కూలి ఎక్కడో చిక్కుకున్న సైనికులు రోజుల తరబడి తమ తిండి తాము చూసుకోవలసిన అవసరం నుంచి వచ్చినవి. దారి తప్పిన నడకరి గడపవలసింది చాలాసార్లు ఒక రాత్రి, మహా అయితే రెండు. తిండి లేకుండా మనిషి వారాల పాటు బతకగలడు, నీళ్లు లేకుండా సుమారు మూడు రోజులు. తడిసి గాలిలో కూర్చుంటే మాత్రం కొన్ని గంటలే చాలు. గాలితో పోలిస్తే నీరు వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. ఇంకా పడిపోయి 32 డిగ్రీల దరిదాపులకు చేరితే వణుకు ఆగిపోతుంది, ఆలోచన మసకబారుతుంది. ఆ స్థితిలో కొమ్మలు నరికి పందిరి వేయగలమనుకోవడం ప్రమాదకరమైన నమ్మకం.

కాబట్టి గాలాలు, తీగ తీసేసి, ఆ స్థానంలో మనిషి మెడదాకా దూరగలిగినంత పెద్దదీ మందమైనదీ అయిన ప్లాస్టిక్ సంచి ఒకటి పెట్టండి. సుమారు 100 గ్రాములుంటుంది. మడిచి ప్యాంటు జేబులో పెట్టుకోవచ్చు, వానా గాలీ రెండూ ఆగుతాయి. తల బయటే ఉండాలి, ఊపిరి లోపల చేరితే తడి పేరుకుంటుంది. రేకు దుప్పటి శరీరం నుంచి వెలువడే వేడిని తిప్పి పంపుతుంది గానీ, నేల లాగేసే వేడిని అది ఆపలేదు, కొమ్మ తగిలితే చిరుగుతుంది కూడా. కింద పరుచుకోవడానికి అరచాపంత నురుగు మ్యాట్ ముక్క సంచిలో ఉంటే దాని విలువ ఆ రాత్రి తెలుస్తుంది.

తేలికమూట

గాలాల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్లలో వాటిని ఒక్కసారి కూడా వాడలేదన్నది నిజం. కానీ ఇలా ఒక్కొక్కటీ చేరుస్తూ పోతే 180 గ్రాములు మళ్లీ 1,150 అవుతాయి. వేటగాళ్లు ఈమధ్య టూర్నికే, అంటే రక్తం ఆగేలా చేతికో కాలికో బిగించే పట్టీ, కూడా తప్పనిసరి అంటున్నారు. శిక్షణ లేనివాడి చేతిలో అది మేలు కన్నా కీడే చేయదా? వీటన్నిటికీ బదులు ఉపగ్రహాలకు సంకేతం పంపే అత్యవసర బీకన్ ఒక్కటి కొనుక్కుంటే మిగతా చర్చే అవసరం ఉండదు కదా?

కట్టుగుడ్డ

నేను ప్రథమ చికిత్స నేర్పుతుంటాను కాబట్టి టూర్నికే గురించి మాత్రమే మాట్లాడతాను. తొడలోని పెద్ద ధమని తెగితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. జంతువును కోసి శుభ్రం చేసేటప్పుడు జారే కత్తి, మంచె నుంచి పడేటప్పుడు గుచ్చుకునే బాణపు మొన, పొరపాటున పేలే తుపాకీ, ఇవన్నీ వేటలో ఊహించదగిన ప్రమాదాలే. 80 గ్రాముల లోపు బరువుండే పట్టీ ఆ నిమిషాలను గంటలుగా మార్చగలదు. శిక్షణ అవసరమన్న మాటను వంద శాతం సమర్థిస్తాను. అయితే ఆ శిక్షణకు ఒక పూట చాలు. గాయానికి నాలుగు వేళ్లంత పైన, కీలు మీద పడకుండా బిగించి, రక్తం ఆగేదాకా పట్టీకున్న కడ్డీ తిప్పి, కట్టిన సమయం రాయాలి. కట్టాక నొప్పి విపరీతంగా ఉంటుంది, ఆ నొప్పి చూసి సడలించడమే అందరూ చేసే తప్పు. మెడకూ పొట్టకూ ఇది పనికిరాదు. చంకలోనూ గజ్జలోనూ గుడ్డ కుక్కి గట్టిగా అదిమిపట్టాలి.

దాన్ని సంచి అడుగున పెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఒంటిచేత్తో అందుకోగలిగే చోట లేకపోతే అది ఉన్నా లేనట్టే. నడక మాత్రమే చేసేవారికి దీనికన్నా మడమ బొబ్బలకు టేపూ, మెలికపడిన చీలమండకు సాగే కట్టూ ముందు కావాలి.

పొదలమాటు

బీకన్ సంగతికి వస్తాను. 406 మెగాహెర్ట్జ్ మీద సంకేతం పంపే ఈ పరికరాలను కాస్పాస్-సర్సాట్ ఉపగ్రహ వ్యవస్థ వింటుంది. దాని సాయంతో తొలిసారి ప్రాణాలు నిలిచింది 1982లో. నేను దాన్ని తక్కువ చేయడం లేదు, ఒంటరిగా వెళ్లేవారు తప్పక కొనాలనే అంటాను. అయితే మీట నొక్కిన క్షణానికీ సహాయకులు మన దగ్గరికి చేరే క్షణానికీ మధ్య గంటలుంటాయి, వాతావరణం బాగాలేకపోతే ఒక రాత్రంతా ఉండవచ్చు. ఆ రాత్రి మన ఒంటిని బీకన్ వెచ్చబెట్టదు. మనం ఎక్కడున్నామో ప్రపంచానికి చెప్పడం దాని పని, సహాయం వచ్చేదాకా నిలబడి ఉండడం మన పని. రెండూ వేర్వేరు పనులైనప్పుడు ఒకటి రెండోదానికి బదులు ఎలా అవుతుంది?

బరువే లేని సాధనం ఒకటుంది, దాన్ని ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. ఏ దారిన వెళుతున్నామో, ఎన్నింటికి తిరిగి వస్తామో, ఎన్నింటి దాకా రాకపోతే కబురు చేయాలో ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసి ఇవ్వడం. నేను ఆ రోజు ఆ పని చేయలేదు. చేసి ఉంటే చీకటి పడగానే వెతకడం మొదలయ్యేది.

కొండగాలి

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ చదివాక కిట్‌ను రెండుగా విడదీశాను. ఒంటి మీద: లైటర్, జెల్లీ దూది, ఈల, దిక్సూచి, చిన్న హెడ్‌ల్యాంప్, పెద్ద ప్లాస్టిక్ సంచి, కత్తి. వేటకు వెళ్లే రోజున వీటితో పాటు టూర్నికే బెల్టుకు ఉంటుంది, అంతకు ముందే ఒక పూట శిక్షణకు వెళతాను. ఇవన్నీ కలిసి 420 గ్రాములు వచ్చాయి. సంచిలో: నురుగు మ్యాట్ ముక్క, పొడి కోటు, రేకు దుప్పటి, కట్టు సామగ్రి, 5 మీటర్ల తాడు. గాలాలు, ఉచ్చు తీగ, రంపం ఇంట్లోనే ఉంటాయి. చకుముకి కడ్డీని తీసేయాలనుకున్నాను గానీ, చలికి లైటర్‌లోని గ్యాస్ మొరాయించినా తడిసినా కడ్డీ నుంచి నిప్పురవ్వలు రాలుతాయి కనుక ఉంచాను.

నీటి విషయం మాత్రం తేలలేదు. క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలకు దాదాపు బరువే లేదు, కానీ చల్లని మురికి నీటిలో క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాలు కలిగించే పరాన్నజీవిని చంపడానికి వాటికి నాలుగు గంటలు కావాలి. సన్నని గొట్టాల ఫిల్టర్ అప్పటికప్పుడే నీళ్లిస్తుంది గానీ, సాధారణంగా వైరస్‌లను ఆపదు, పైగా ఒక్కసారి లోపల మంచు కట్టినా పాడై, పాడైన సంగతి బయటికి కనబడదు. మరిగిద్దామంటే లోహపు పాత్ర మోయాలి. చలికాలపు నడకల్లో ఎవరు ఏది తీసుకెళుతున్నారో, రాత్రిపూట ఫిల్టర్‌ను ఎక్కడ ఉంచుతున్నారో చెబితే ఆ ఖాళీ కూడా నింపుకుంటాను.

పొదలమాటు

చలికాలంలో నేను మాత్రలే తీసుకెళతాను. సాయంత్రం సీసాలో వేసి ఉంచితే తెల్లవారేసరికి నాలుగు గంటలూ ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. ఫిల్టరే కావాలనుకుంటే నీళ్లు పూర్తిగా ఊది, మూత గట్టిగా ఉండే కవరులో పెట్టి, పగలు చొక్కా లోపలి జేబులోనూ రాత్రి పక్కలోనూ ఉంచుకోండి.