సమస్య: "నీట కడుగ మరక నిలిచిపోయె"

నిర్వాహకులు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. నీళ్లు మరకను వదిలించాలి గాని పెట్టకూడదు కదా, చిక్కంతా అక్కడే. కారు కడిగాక బానెట్ మీదా అద్దాల మీదా తెల్లటి చుక్కలు తేలడం చూసినవాళ్లకు దారి తొందరగానే దొరుకుతుంది. పద్యం చదివి ఎవరైనా తమ కారు మీద ప్రయోగిస్తారు కాబట్టి యతితో (పాదం మొదటి అక్షరానికి మధ్యలోని అక్షరంతో కుదరాల్సిన మైత్రి) పాటు విషయమూ తప్పకూడదు.

చిరుగాలి:
ఆవిరయ్యె నీరు, అద్దాన సున్నము
తెల్ల చుక్కలయ్యె తేటగాను
తుడవకుండ నెండ తోడ నారగనిచ్చి
నీట కడుగ మరక నిలిచిపోయె

మధుపం: సమస్యలోని విరోధాన్ని ఎండ దగ్గర విప్పారు, చాలా బాగుంది. 'నీరు, అద్దాన' అన్నచోట విసంధి, అంటే కలవాల్సిన అచ్చులు కలవలేదు. "ఆవిరయ్యె నీర మద్దాన సున్నము" అంటే సంధీ కుదురుతుంది, యతీ చెడదు. మీరు చెప్పిన కారణం నూటికి నూరుపాళ్లు నిజం. కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. చుక్క ఆరిపోతే కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసి, కాల్షియం కార్బొనేట్ పొరగా మిగులుతుంది. అది మామూలు నీళ్లకు దాదాపు కరగదు. అందుకే మళ్లీ అదే నీళ్లతో కడిగితే పొర మీద పొర! నీడలో కడిగి, తడి ఉండగానే తుడిచేస్తే ఈ బాధే ఉండదు.

అరుణిమ:
పులుపు తగిలినంత పొరలన్ని కరగవా!
అలికి యారకుండ నంతలోనె
కడుగవలయు, నట్లు కాదని విడువగ
నీట కడుగ మరక నిలిచిపోయె

మధుపం: ధార హాయిగా ఉంది. 'కాదని' ఒక్కటే పాదం నింపడానికి వచ్చినట్టుంది. ఈ పద్యం వెనక ఉన్న పద్ధతి కొంచెం వివరంగా రాయండి, అందరికీ పనికొస్తుంది.

అరుణిమ: తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో కలిపి, మైక్రోఫైబర్ గుడ్డ తడిపి మరక మీద ఒకటి రెండు నిమిషాలు ఆనించి ఉంచాలి. పొర మందంగా ఉంటే గుడ్డ అంచున సన్నటి బుడగలు లేస్తాయి. అంటే పని జరుగుతోందన్నమాట. బలం పెట్టి రుద్దకూడదు, రుద్దితే పెయింట్ మీద గీతలు పడతాయి. తర్వాత బాగా కడిగి పొడిగా తుడవాలి. బాడీ చేత్తో తాకితే చల్లగా ఉండాలి, లేకపోతే వెనిగర్ కూడా ఆరిపోతుంది. పూత లేని అల్యూమినియం భాగాలకు మాత్రం తగలనివ్వొద్దు.

తొలకరి:
గాజు లోన దిగిన గాటు పులుపుకేల
పోవు? సీరియంపు గుడ్డ పెట్టి
రుద్ద వదలు, నట్లు రుద్దనేరని వేళ
నీట కడుగ మరక నిలిచిపోయె

మధుపం: తొలకరి గారూ, మిగతా ఇద్దరూ తాకని చోటుకు వెళ్లారు. మరక చాలాకాలం ఉండిపోతే గాజు ఉపరితలాన్నే తినేస్తుంది, అప్పుడు పులుపు ఎంత పెట్టినా లాభం లేదు. సీరియం ఆక్సైడ్ పాలిష్‌తో గాజును నున్నగా అరగదీయాల్సిందే. అయితే రెండో పాదంలో 'పో'కు 'గు'తో యతి కుదరదు. 'సీరియంపు పూత పెట్టి' అనండి, యతి సరిపోతుంది, అర్థమూ మెరుగవుతుంది.

తొలకరి: సవరించుకున్నాను, ధన్యవాదాలు. పెయింట్ మీద కూడా సీరియమేనా?

మధుపం: వద్దండీ, అది గాజుకే. పెయింట్ మీద ముందు వెనిగర్, పోకపోతే క్లే బార్ (పెయింట్‌కు అంటుకున్నదాన్ని లాగేసే మెత్తటి మట్టి ముద్ద), అప్పటికీ గుంటలా కనిపిస్తే పెయింట్ కోసం చేసిన సన్నని పాలిష్. క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పూత) మందం మామూలుగా 50 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది. కాబట్టి మరక మసకబారగానే ఆపేయండి.