యుద్ధ స్మృతిని ప్రభుత్వాల చేతికి అప్పగించవచ్చా?

చరిత్ర విద్యార్థి (చర్చ ప్రారంభం):

యుద్ధంలో మరణించినవారిని ప్రభుత్వం స్మరించుకోవడాన్ని ప్రచారంగా చూడకూడదని, అది ఒక జాతి తన మృతులకు తీర్చుకునే రుణమని వాదించేవారు ఎందరో ఉన్నారు. నేను వారితో ఏకీభవించలేను. ఏ సంవత్సరంలో గుర్తుచేసుకోమన్నారో, ఏ సంవత్సరంలో మరిచిపొమ్మన్నారో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ స్మరణ మృతుల కోసం జరగలేదని స్పష్టమవుతుంది.

సోవియట్ యూనియన్‌నే తీసుకుందాం. నాజీ జర్మనీపై 1945 మే 9న విజయోత్సవం జరుపుకున్న దేశంలో 1947 చివరికల్లా ఆ సెలవును రద్దు చేశారు. 1965లో, బ్రెజ్నెవ్ కాలంలో, అది మళ్లీ సెలవుదినమైంది. మృతుల సంఖ్య సంగతి ఇంకా బాధాకరమైనది. స్టాలిన్ 1946లో సుమారు 70 లక్షలన్నాడు, క్రుశ్చేవ్ 1961లో 2 కోట్లన్నాడు, 1990లో గోర్బచేవ్ దాదాపు 2 కోట్ల 70 లక్షలని ప్రకటించాడు. మొదటే నిజం చెప్పి ఉంటే, 1941 వేసవిలో జర్మనీ దాడి చేసినప్పుడు సైన్యం అంత అసహాయంగా ఎందుకు చిక్కుకుపోయిందని జనం అడిగేవారు. ఆ ప్రశ్న రాకుండా చూడటానికి కోట్ల మంది మరణాన్ని లెక్కలోంచే తీసేశారు.

లెనిన్‌గ్రాడ్ నగరాన్ని జర్మన్ సైన్యం చుట్టుముట్టిన దిగ్బంధం 872 రోజులు సాగింది. దాని జ్ఞాపకంగా వెలసిన మ్యూజియాన్ని 1949లో మూసివేశారు. ఆ నగర నాయకులను ఆ తర్వాతి ఏడాదే కాల్చి చంపారు. నగరం తన సొంత సత్తువతో నిలబడిందన్న కథ కేంద్రానికి గిట్టలేదు. ఆ మ్యూజియం 1989 వరకు తిరిగి తెరుచుకోలేదు.

వసుంధర:

మీరు చూపిన ఉదాహరణలను నేను కాదనను, కానీ వాటి నుంచి మీరు తీసిన నిర్ణయం సరికాదు. ప్రభుత్వం తప్పుకుంటే స్మృతి స్వచ్ఛంగా మిగిలిపోతుందని అనుకోవడం భ్రమ. పత్రాలను భద్రపరచడానికి, సమాధులను గుర్తించడానికి, పాఠ్యపుస్తకాలలో చేర్చడానికి నిధులూ అధికారమూ కావాలి.

స్మరణకు రాజకీయ ప్రయోజనం ఉండటమే నేరం కాదు. 1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో, నాజీలు యూదులను నిర్బంధించిన వాడ (ఘెట్టో)లో జరిగిన తిరుగుబాటు స్మారకం ముందు మోకరిల్లాడు. పోలండ్‌తో ఒప్పందం మీద సంతకం చేసిన రోజు కూడా అదే. కాబట్టి అందులో రాజకీయం లేదని ఎవరూ అనలేరు. అయినా ఆ చర్య వల్ల ఆయనకు సొంత దేశంలో ఎన్నో నిందలు ఎదురయ్యాయి. 1985 మే 8న అధ్యక్షుడు వైట్సేకర్, జర్మనీ లొంగిపోయిన దినాన్ని విముక్తి దినంగా చూడాలని పార్లమెంటులో చెప్పినప్పుడు కూడా అంతే. నా దృష్టిలో కొలమానం ఇది: ఒక ప్రభుత్వం చేసే స్మరణ వల్ల ఆ ప్రభుత్వానికే ఇబ్బంది కలుగుతోందా, లేక ఎప్పుడూ లాభమే కలుగుతోందా? తనకు ఇబ్బంది కలిగించే మృతులను కూడా తలచుకునే రాజ్యాన్ని, తనకు అక్కరకొచ్చే మృతులను మాత్రమే తలచుకునే రాజ్యంతో కలిపి చూడలేము.

పాఠకుడు:

వసుంధర గారి కొలమానం బాగుంది గానీ, తూర్పు ఆసియా దగ్గరకు వచ్చేసరికి అది చిక్కులో పడుతుంది. 1937లో నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం చేసిన మారణకాండ గురించి మావో కాలంలో చైనా ప్రభుత్వం పెద్దగా మాట్లాడలేదు. అక్కడి స్మారక మందిరం 1985లో వెలిసింది, డిసెంబరు 13ను జాతీయ స్మారక దినంగా 2014లో ప్రకటించారు. వర్గపోరాటం అనే మాటకు బలం తగ్గిన కొద్దీ, జాతి అవమానం అనే మాటకు బలం పెరిగింది. అయితే ఆ మృతులు నిజమైనవారే, వారి బాధా నిజమే. అవతలి ఒడ్డున జపాన్ తన యుద్ధ మృతులను ఆరాధించే టోక్యోలోని యాసుకుని ఆలయంలో, యుద్ధ నేరస్థులుగా శిక్ష పడినవారితో సహా 14 మంది ప్రథమ శ్రేణి నిందితులను 1978లో చేర్చారు. ప్రధానమంత్రులు అక్కడికి వెళ్లిన ప్రతిసారీ బీజింగ్ ప్రచారానికి కొత్త బలం చేకూరుతుంది, ఆ ప్రచారాన్ని చూపి టోక్యోలోని జాతీయవాదులు తమ పట్టు పెంచుకుంటారు. ఇద్దరు శత్రువులు ఒకరి ప్రచారాన్ని ఒకరు పోషించుకుంటున్నప్పుడు, ఎవరిది స్మరణో ఎవరిది ప్రచారమో విడదీసి చూపడం చాలా కష్టం.

చరిత్ర విద్యార్థి:

మీ ఇద్దరి మాటలలో నన్ను ఆలోచింపజేసింది ఇబ్బంది అనే కొలమానం. దానికి చట్టాన్ని కూడా జోడిస్తాను. ఏ ప్రశ్న అడిగితే జైలుకు పంపుతారన్నది చూస్తే రాజ్యం దేన్ని కాపాడుకుంటోందో తెలుస్తుంది. రష్యా 2014లో తెచ్చిన చట్టం, రెండవ ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్ పాత్ర గురించి తప్పుడు సమాచారం వ్యాప్తి చేయడాన్ని నేరంగా మార్చింది. తప్పేదో ఒప్పేదో నిర్ణయించేది ఆ రాజ్యపు న్యాయస్థానాలే. నాజీ నేరాలను పోలండ్ జాతికి అంటగడితే మూడేళ్ల వరకు జైలు అని పోలండ్ 2018 ఆరంభంలో చట్టం చేసింది. విదేశాల నుంచి తీవ్ర నిరసన వచ్చాక, కొన్ని నెలలకే జైలుశిక్షను తొలగించింది.

జర్మనీలో కూడా యూదుల నిర్మూలనను నిరాకరించడం నేరమే కదా అని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే, నాకూ ఆ చట్టం పట్ల కొంత సంకోచం ఉంది. కానీ తేడా పెద్దది. జర్మనీ చట్టం కాపాడేది తన రాజ్యం చేసిన నేరానికి సంబంధించిన నిజాన్ని, రష్యా చట్టం కాపాడేది తన రాజ్యపు గౌరవాన్ని.

వసుంధర:

ఈ తేడాను ఒప్పుకుంటాను. అయితే నేరమంతా ప్రభుత్వాలదే అనుకోవద్దు. 1995లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ, హిరోషిమా మీద బాంబు వేసిన విమానాన్ని ప్రదర్శించబోతూ, బాంబు వల్ల కలిగిన మానవ నష్టాన్ని కూడా వివరించాలనుకుంది. ఆ వివరణను తీసివేయాలని మాజీ సైనికుల సంఘాలు మొదట పట్టుబట్టాయి, చట్టసభ సభ్యులు వాటి వెంట నడిచారు, ప్రదర్శన కుదించుకుపోయింది. యుద్ధం చేసి వచ్చినవారి బాధ నిజమైనదే కావడం వల్ల వారికి ఎదురు చెప్పడం ఎవరికీ సాధ్యపడలేదు.

పాఠకుడు:

దీనికి సరిగ్గా ఎదురుగా నడిచిన కథ రష్యాలో ఉంది. యుద్ధంలో పాల్గొన్న తమ పెద్దల ఫోటోలను పట్టుకుని నడిచే ‘అమర దళం’ ఊరేగింపును 2012లో తోమ్‌స్క్ నగరంలో స్థానిక పాత్రికేయులు ప్రారంభించారు. పార్టీల జెండాలు ఉండకూడదన్నది వారి నియమం. 2015లో మాస్కో ఊరేగింపు ముందు వరుసలో తన తండ్రి ఫోటోతో పుతిన్ నడిచాడు. కుటుంబాల దుఃఖంగా మొదలైనది మూడేళ్లలో రాజ్యపు వేడుకగా మారింది. స్టాలిన్ కాలపు అణచివేత బాధితుల పేర్లు సేకరించిన ‘మెమోరియల్’ సంస్థను మాత్రం 2021 డిసెంబరులో అదే దేశపు సుప్రీంకోర్టు రద్దు చేసింది.

చరిత్ర విద్యార్థి:

అందువల్లనే ఉత్సవాల గురించి వాదించడం కంటే పత్రాల గురించి పట్టుబట్టడం ముఖ్యమని నా అభిప్రాయం. 1940లో కాటిన్‌లోనూ మరికొన్ని చోట్లా సుమారు 22,000 మంది పోలండ్ అధికారులను, పౌరులను సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థ చంపింది. సోవియట్ ప్రభుత్వం ఆ నేరాన్ని జర్మన్ల మీద మోపి, నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్ న్యాయస్థానంలో కూడా వాదించింది. 1990 ఏప్రిల్ వరకు ఆ అబద్ధమే అధికారిక చరిత్ర. చంపమని 1940 మార్చి 5న తీసుకున్న నిర్ణయపు ప్రతి అంతకాలమూ ఆ దేశపు అగ్రనాయకుల ఆధీనంలోని ముద్రవేసిన కవరులోనే ఉంది. పోలండ్‌కు అది 1992 అక్టోబరులో అందింది.