ఇంట్లో బేస్ గిటార్ రికార్డింగ్: లైన్ ఒక్కటే చాలా, ఆంప్‌కి మైక్ కూడా పెట్టాలా?

రాయగడ నాలుగుతీగలు:
అందరికీ నమస్కారం. మా చర్చి క్రిస్మస్ పాటలు ఈసారి స్టూడియోకి వెళ్లకుండా ఇంట్లోనే రికార్డ్ చేసుకుంటున్నాం. కీబోర్డు, తబలా, పాడేవాళ్ల ట్రాకులు అయిపోయాయి. బేస్ దగ్గర ఆగాం. నా దగ్గర నాలుగు తీగల పాసివ్ (బ్యాటరీ లేని) బేస్, కంప్యూటర్‌లోకి శబ్దం పంపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, గిటార్ సిగ్నల్‌ని నేరుగా రికార్డింగ్‌కి పంపే డీఐ బాక్స్ ఒకటి, చిన్న ప్రాక్టీస్ ఆంప్ (స్పీకర్ పెట్టె), ఒక ఎస్‌ఎం57 మైక్ ఉన్నాయి. గది పదడుగులకి పదడుగులు. విశాఖలో మిక్సింగ్ చేసే అన్నయ్య లైన్ ఒక్కటే, అంటే గిటార్ నుంచి కేబుల్‌తో నేరుగా తీసిన ట్రాకే, పంపమంటున్నాడు, మైక్ జోలికి పోవద్దంటున్నాడు. మా కీబోర్డు మాస్టారేమో లైన్‌లో తీసిన బేస్‌కి ప్రాణం ఉండదు, ఆంప్‌కి మైక్ పెట్టాల్సిందే అంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. మీరేమంటారు?

బరంపురం లోస్వరం:
తమ్ముడూ, మీ అన్నయ్య మాటే వినండి. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే, అంటే దాదాపు 27 అడుగులు. పదడుగుల గదిలో అది ఎక్కడ నిలుస్తుంది? పైగా గోడకీ గోడకీ మధ్య పదడుగులు ఉంటే 56 హెర్ట్జ్ దగ్గర గది తానే మోగడం మొదలుపెడుతుంది. బేస్‌లో ‘ఏ’ (A) తీగని ఫ్రెట్ (మెడ మీది మెట్టు) నొక్కకుండా మీటితే వచ్చేది 55. మీ గదికి పొడవూ వెడల్పూ ఒకటే కాబట్టి రెండు దిక్కులా అదే స్వరం ఉబ్బుతుంది. ఆంప్ కాస్త గట్టిగా పెట్టి ఆ తీగ మీటండి, తర్వాత అదే తీగ మీద నాలుగో ఫ్రెట్ నొక్కి మీటండి. మొదటిది మీటడం ఆపాక కూడా గదిలో తిరుగుతూనే ఉంటుంది. మిక్సింగ్‌లో దాన్ని సరిచేయడం ఎవరి వల్లా కాదు, ఎందుకంటే ఒక్క స్వరం తగ్గించబోతే దాని పక్కవి కూడా పోతాయి.

దీనికి తోడు ఫ్యాన్ ఆపాలి, కిటికీలు మూయాలి, మా వైపు లాగా రేకుల ఇల్లైతే వాన వెలిసేదాకా కూర్చోవాలి. లైన్‌కి ఈ బాధలేవీ లేవు. 1960ల్లో డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకి జేమ్స్ జేమర్సన్ వాయించిన బేస్ చాలావరకు నేరుగా కన్సోల్‌లోకి (స్టూడియో మిక్సర్‌లోకి) వెళ్లిందే. దానికి ప్రాణం లేదని ఎవరైనా అనగలరా?

పర్లాకిమిడి వేళ్లు:
గురువుగారూ, జేమర్సన్ పేరు చెప్పి మీరు సగమే చెప్పారు. ఆయనవి లావు ఫ్లాట్‌వౌండ్ (పైన చదునుగా చుట్టిన) తీగలు, వాటిని మార్చడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. బ్రిడ్జి మూత కింద స్పాంజి ఉండేది. ఆ లైన్ వెళ్లింది ట్రాన్స్‌ఫార్మర్లు, వాల్వులు ఉన్న పరికరాల్లోకి. మన తమ్ముడు కొత్త రౌండ్‌వౌండ్ (పైన గరుకుగా ఉండే) తీగలతో ఇంటర్‌ఫేస్‌లో గుచ్చితే వచ్చేది అది కాదు. వేలు జారిన ప్రతి కీచు, తీగ ఫ్రెట్‌కి తగిలిన ప్రతి టిక్కు పైకి తేలి వినిపిస్తాయి. స్పీకర్ నాలుగైదు వేల హెర్ట్జ్ పైన తనంతట తానే కోసేస్తుంది, మనం ఇన్నేళ్లుగా బేస్ శబ్దం అనుకుంటున్నది ఆ కోత తర్వాతదే.

గది గురించి మీరు చెప్పిన లెక్క సరైనదే. కానీ మైక్ స్పీకర్ కోన్‌కి రెండు మూడంగుళాల్లో ఉంటే గది కన్నా స్పీకరే చాలా బలంగా పడుతుంది. గది ఉబ్బు ప్రధానంగా మన చెవికి, మైక్‌కి అంతగా కాదు. ఆంప్‌ని మూలలోంచి బయటికి లాగి, కుర్చీ మీద పెడితే ఇంకా తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, వాయించేవాడి చెయ్యి. వెనక ఆంప్ మోగుతుంటే వేళ్లు తగ్గించి మీటుతాయి, స్వరాన్ని ఎంతసేపు పట్టాలో తెలుస్తుంది. హెడ్‌ఫోన్‌లో ఎండు లైన్ వింటూ వాయిస్తే అందరూ గట్టిగా కొడతారు. ఆ తేడా ఏ ప్లగిన్‌తోనూ (కంప్యూటర్‌లో శబ్దం మార్చే సాఫ్ట్‌వేర్‌తోనూ) రాదు.

బరంపురం లోస్వరం:
చెయ్యి సంగతి ఒప్పుకుంటాను. అయితే దానికి ఆంప్ మోగితే చాలు, మైక్ ఎందుకు? డీఐ బాక్స్‌లోంచి ఒక కేబుల్ ఆంప్‌కి, ఒకటి ఇంటర్‌ఫేస్‌కి. ఆంప్ వింటూ వాయించు, రికార్డ్ అయ్యేది మాత్రం లైన్. చిన్న ప్రాక్టీస్ ఆంప్ స్పీకర్ 41 హెర్ట్జ్‌ని అసలు సరిగ్గా పలకదు, ఎస్‌ఎం57 కూడా కింది స్వరాల్ని తగ్గించే వింటుంది. మరి ఆ మైక్ నుంచి మీరు ఆశించేదేమిటి?

పర్లాకిమిడి వేళ్లు:
కింది స్వరాలు కాదు, మధ్యవి. మూడు వందల నుంచి పదిహేను వందల హెర్ట్జ్ దాకా ఉండే ఆ గరగర. ఫోన్ స్పీకర్‌లో పాట వినేవాళ్లకి బేస్ ఉందని తెలిసేది దానివల్లే. మన క్రిస్మస్ పాటలు ఎక్కువమంది వినేది ఫోన్‌లోనే కదా.

జయపురం శాంపిల్:
ఇద్దరూ ఎవరికి కావలసింది వారు అడుగుతున్నారు, రెండూ తీసుకోవచ్చు. తమ్ముడి దగ్గర రెండు ఇన్‌పుట్లున్నాయి. అయితే రెండు కలిపితే వచ్చే చిక్కు గురించి ఎవరూ ఎత్తలేదు.

శబ్దం అడుగు దూరం నడవడానికి సుమారు 0.9 మిల్లీసెకను పడుతుంది. లైన్ అప్పటికే చేరిపోయి ఉంటుంది. 44.1 కిలోహెర్ట్జ్ రికార్డింగ్‌లో (సెకనుకి 44,100 శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు) అది 39 శాంపిళ్ల తేడా. దీనివల్లే బేస్ పలచబడుతుందని చాలామంది చెప్తారు, ఆ మాట లెక్కకి నిలవదు. 41 హెర్ట్జ్ అల ఒక చుట్టు తిరగడానికి 24 మిల్లీసెకన్లు, అందులో 0.9 ఏ మూలకి? రెండు అలలూ ఎదురెదురై ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొయ్యి పడేది 560 హెర్ట్జ్ చుట్టుపక్కల, మళ్లీ 1,700 దగ్గర. అంటే పర్లాకిమిడి అన్న ఏ గరగర కోసం మైక్ పెట్టమంటున్నారో సరిగ్గా అక్కడ. మైక్ రెండంగుళాల్లో ఉంటే ఈ గొయ్యి మూడు వేల పైకి పోతుంది, పెద్దగా బాధించదు. కానీ ఆంప్ డిజిటల్ మోడలింగ్‌ది (వేరే ఆంప్‌ల శబ్దాన్ని కంప్యూటర్ చిప్‌తో అనుకరించేది) అయితే లోపల ఇంకాస్త ఆలస్యం కలుస్తుంది. మొత్తం మూడు మిల్లీసెకన్లైతే గొయ్యి 167కి దిగి బేస్ నడుము విరుగుతుంది.

రెండూ కలపగానే కింది స్వరాలన్నీ మాయమైతే మాత్రం దూరాన్ని కాదు, పోలారిటీని అనుమానించండి. ఒక అల పైకి లేస్తుంటే రెండోది కిందికి దిగుతోందన్నమాట.

చేయాల్సింది ఇదీ. పాట మొదలయ్యే ముందు ఎడమ అరచెయ్యి తీగల మీద ఆనించి, కుడి చేత్తో గట్టిగా ఒక్క మీటు మీటండి. రెండు ట్రాకుల్లోనూ అది మేకులాగా నిలబడుతుంది. బాగా జూమ్ చేసి, ఆలస్యమైన మైక్ ట్రాకుని ఎడమవైపుకి జరిపి రెండు మేకులూ కలపండి. తర్వాత మోనోలో (రెండు చెవులకీ ఒకే శబ్దం వచ్చేలా) వింటూ పోలారిటీ బటన్ నొక్కి చూడండి. ఏ వైపు బరువుగా ఉంటే అదే. కంటికి కలిసినట్టు కనిపించినా చెవి చెప్పిందే వినాలి, స్పీకర్ కింది స్వరాల్ని కొంచెం మెలితిప్పే పంపుతుంది కాబట్టి.

రాయగడ నాలుగుతీగలు:
అన్నా, చెప్పినట్టే చేశాను. లైన్ అల మొదట పైకి, మైక్ అల కిందికి ఉన్నాయి. బటన్ నొక్కగానే కింది బరువంతా వచ్చేసింది. మైక్‌లో 150 హెర్ట్జ్ కింద కోసేసి లైన్‌కి కొద్దిగా కలిపితే ఫోన్‌లో కూడా బేస్ వినిపిస్తోంది. చాలా సంతోషం.

ఇంకొక్క సందేహం. లావు తీగ మూడో ఫ్రెట్ మీద స్వరం పట్టి ఉంచితే అది ఊగుతోంది. మిగతా ఫ్రెట్ల మీద లేదు. లైన్‌లోనూ ఉంది, మైక్‌లోనూ ఉంది.

బరంపురం లోస్వరం:
అది కరెంటు హమ్మింగ్. మూడో ఫ్రెట్ మీది జీ (G) స్వరం 49 హెర్ట్జ్, మన కరెంటు 50. రెండూ పక్కపక్కనే మోగితే సెకనుకి ఒకసారి ఊగుతుంది. ఈక్యూలో (ఏ స్వరం ఎంత వినిపించాలో మార్చే సాధనంలో) 50ని కోస్తే జీ కూడా పోతుంది కాబట్టి మూలంలోనే ఆపాలి. లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద వాయించండి. కుర్చీ నెమ్మదిగా తిప్పుతూ ఎటు కూర్చుంటే హమ్మింగ్ తగ్గుతుందో చూడండి, సింగిల్ కాయిల్ పికప్‌కి (తీగల కదలికని పట్టే ఒంటి చుట్ట అయస్కాంతానికి) దిక్కు మారితే చాలా తేడా ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే అసలు రికార్డ్ చేయకండి. డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అదీ నొక్కి చూడండి.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు: ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయడం. హమ్మింగ్ తగ్గుతుందని మా వైపు ఆర్కెస్ట్రాల్లో తీసేస్తుంటారు. లోపల ఏదైనా లీకైతే కరెంటు గిటార్ తీగల మీదుగా మీ చేతికి వస్తుంది. గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఆడియో కేబుల్ గ్రౌండ్‌నే విడదీస్తుంది, ఇంటి ఎర్త్‌ని కాదు.

పర్లాకిమిడి వేళ్లు:
ఈ విషయంలో గురువుగారి మాటే నా మాట. తమ్ముడూ, మైక్ ట్రాకుని మరీ సిగ్గుపడి కలపకండి. మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చాలు అనేదాకా పెంచండి.

బరంపురం లోస్వరం:
నేనైతే ఇప్పటికీ మైక్ తీసేసి లైన్‌కే ఆంప్ ప్లగిన్ వేస్తాను. ఆ గదిలో ‘ఏ’ (A) తీగని ఒకసారి వినండి, తర్వాత మాట్లాడదాం.

జయపురం శాంపిల్:
విశాఖకి పంపేటప్పుడు లైన్ ట్రాకుని ఈక్యూ, కంప్రెసర్ ఏవీ వేయకుండా పచ్చిగా పంపండి. మైక్ ట్రాకుని జరిపినది వేరే ఫైలుగా, అదే పాయింట్ నుంచి మొదలయ్యేలా పెట్టండి. లైన్ పచ్చిగా ఉంటే మీ అన్నయ్య కావాలంటే రేపు దాన్ని పెద్ద ఆంప్‌లోకి తిరిగి పంపి మంచి గదిలో మైక్ పెట్టుకోగలడు.