“తెలియని పొత్తు”ను “లేని పొత్తు” అనొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. సహకార క్రీడల సిద్ధాంతం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఎవరెవరు కలిస్తే ఎంత వస్తుందో కొంతే తెలిసినప్పుడు లాభం న్యాయంగా పంచడం ఎలా అన్నది విషయం. “సమాచారం లేని కూటములు” అని రాశాను. సరిపోతుందా అండీ?

జవాబు: ముందు కూటమి సంగతి. పేపర్లలో “పొత్తు కుదిరింది, పొత్తు చెడింది” అంటారు, గెలిచాక “కూటమి ప్రభుత్వం” అంటారు. కూటమి అనగానే ఏర్పడిపోయినది అనిపిస్తుంది. ఈ సిద్ధాంతంలో కలవగలిగిన ప్రతి గుంపూ లెక్కే, ఎన్నడూ కలవకపోయినా సరే. అందుకే నా ఓటు పొత్తుకి. ఒక్క మనిషిని కూడా వీళ్లు పొత్తు కిందే లెక్కేస్తారు, అక్కడ ఏ మాటైనా ఇబ్బందే.

అసలు పేచీ “లేని” దగ్గర. చదివేవాళ్లు అంకె తెలియదని కాక, అంకె సున్నా అనుకోవచ్చు. రాము, సోము, భీముడు ముగ్గురూ కలిసి పనిచేస్తే 90 వేలు వస్తాయి. విడిగా తలా 10 వేలు. రాము, సోము కలిస్తే 60, రాము, భీముడు కలిస్తే 40. సోము, భీముడు ఇద్దరే ఎప్పుడూ కలిసి చెయ్యలేదు. కలిస్తే రాబడి తగ్గదనుకుంటే ఆ ఇద్దరికీ కనీసం 20 వస్తుంది. ముగ్గురి 90లోంచి రాము విడిగా తెచ్చుకునే 10 తీసేస్తే, 80కి మించదు.

లాయిడ్ షాప్లీ అనే గణితవేత్త 1953లో చెప్పిన పద్ధతి ఏమిటంటే, ముగ్గురూ చేరగల అన్ని వరుసలూ తీసుకుని, ఒక్కొక్కరు చేరినప్పుడు పెరిగిన మొత్తానికి సగటు కట్టడం. ఆ తెలియని అంకె 20 అయితే రాము వాటా 40 వేలు, 80 అయితే 20 వేలే! “లేదు” అనుకుని సున్నా వేస్తే రాముకి 46 వేల 600 పైనే పోతుంది. అంటే న్యాయంగా రాగల గరిష్ఠం కంటే ఎక్కువ. ఆ డబ్బు మిగతా ఇద్దరి జేబుల్లోంచే కదండీ.

ఇంకొకరు: సున్నా పద్ధతి కూడా శాస్త్రంలో ఉందండి. 1993లో విల్సన్ అనే పరిశోధకుడు ఇచ్చిన పంపకం లెక్క చూస్తే, తెలియని చోట సున్నా పెట్టి షాప్లీ వాటా కట్టినట్టే వస్తుంది.

జవాబు: నిజమే. దాని మీద వచ్చిన అభ్యంతరమూ ఇదే: విడివిడిగా 10, 10 తెచ్చుకునేవాళ్లు కలిస్తే సున్నా ఎలా అవుతుంది? అందుకే తర్వాతివాళ్లు పై హద్దు, కింది హద్దు కట్టి, ఆ మధ్యలో వాటా వెతికారు.

ప్రశ్న అడిగినవారు: అర్థమైందండీ. “విలువ తెలియని పొత్తులు” అని మారుస్తున్నాను. విల్సన్ గురించి రాసే చోట “సున్నాగా తీసుకుంటే” అని విడిగా చెప్తాను. ధన్యవాదాలు.